బ్రిడ్జ్ డిఫెన్స్‌ల ఆగి ఆలోచించుడు: ఎక్కడ ఆగాలె, ఎక్కడ ఆగొద్దు

పోయిన ఎండాకాలం హన్మకొండల మా డాబా మీద, పొద్దు గుంకినంక నలుగురం కూసొని బ్రిడ్జ్ ఆడుతున్నం, అంటే ఎదురుబొదురు కూసున్న ఇద్దరిద్దరు జంటగ ఆడే పేకాట. రిటైరైన లెక్కల సార్ ఒకాయన డిక్లేరర్, అంటే పాట గెలిచి తన ముక్కలు, ఎదురుంగ ఉన్న తన పార్ట్‌నర్ ముక్కలు రెండూ ఆడేటోడు. నలుగురు ఒక్కో ముక్క ఏస్తే ఒక ట్రిక్. కాంట్రాక్ట్ 4 హార్ట్స్, అంటే ఆఠీన్ తురుపుతోని పదమూడు ట్రిక్‌లల్ల పది గెలుస్తనని ఆయన ఒప్పుకున్న పాట. నేను ఆయనకు ఎడమ దిక్కు, ఆయనను ఆపాల్సిన డిఫెండర్‌ను. డమ్మీల, అంటే టేబుల్ మీద తెరిచి పెట్టిన ఆయన పార్ట్‌నర్ ముక్కలల్ల, ఇస్పేట్ రాజు, జాకీ, అయిదు ఉన్నయ్. సార్ తన చేతిలకెళ్లి ఇస్పేట్ మూడు ఏసిండు. నా దగ్గర ఇస్పేట్ రాణి, ఎనిమిది, నాలుగు. అక్కడ నేను ఏసేది నాలుగే, వేరే ముక్క ఏసే ముచ్చటే లేదు. గని నా మనసు కళావర్ మీద ఉండె, అంతకుముందు ట్రిక్‌ల పార్ట్‌నర్ కళావర్ తొమ్మిది ఎందుకేసిండు, రెండే ఉన్నయా, లేకుంటే ఆ రంగు రమ్మంటున్నడా అని అందుల పడి పది సెకన్లు ఆగిపోయి తర్వాత నాలుగు ఏసిన.

సార్ నా మొఖం చూడలే, నేను ఆగింది మాత్రం చూసిండు. డమ్మీల రాజు అడిగిండు. నా పార్ట్‌నర్ ఆసుతోని కొట్టిండు, తర్వాత నా రాణి కూడ ఒక ట్రిక్ గెలిచింది, కాంట్రాక్ట్ ఒకటి తక్కువ పడ్డది. ఆయన జాకీ అడిగి ఉంటే పార్ట్‌నర్ ఆసు దానిమీద పోయేది, ఇస్పేట్ల ఒక్క ట్రిక్కే పోయేది, కాంట్రాక్ట్ నిలబడేది. ఆట అయినంక ముక్కలు తిప్పి చూసి సార్ ఒక్కటే మాటన్నడు, "ఆసు నీ దగ్గర ఉన్నదనుకున్న బిడ్డా, ఆగితివి గద". కోపం లేదు ఆయన మాటల, అందుకే నాకు ఇంక ఎక్కువ బాధయింది. నేను కావాలని చెయ్యలే. అయినా ఆయనకు నష్టం చేసింది నేనే. మా దగ్గర డైరెక్టర్, అంటే టోర్నమెంట్ల తగువు తీర్చే రెఫరీ, ఎవ్వరుండరు కాబట్టి ఆ బోర్డ్‌కు (ఆ ఒక్క పంపకానికి) మాకు వచ్చిన 50 కొట్టేసి, కాంట్రాక్ట్ నిలబడితే వచ్చే 420 ఆయనకు రాసిన. ఆయన వద్దన్నడు, నేను వినలే.

అప్పటిసంది ఈ ఒక్క విషయం మీద మస్తు ఆలోచించిన, రూల్స్ బుక్ ముందరేసుకొని చదివిన, కొత్తగ నేర్చుకునేటోళ్లకు ఫస్ట్ ఇదే చెప్తున్న. బ్రిడ్జ్‌ల బిడ్డింగ్ (ముందుగల పాట పాడుడు), ఫినెస్ (ఎదుటోని పెద్ద ముక్క మనకు పనికొచ్చే దిక్కే ఉన్నదని నమ్మి, దానికంటే చిన్న ముక్కతోని ట్రిక్ గుంజ చూసుడు), తురుపు ఏరుడు అన్నీ ఎవరన్న నేర్పిస్తరు, ఆగుడు గురించి మాత్రం ఎవ్వరు కూసొవెట్టి చెప్పరు. కొత్తోళ్ల కోసం ఒక మాట, బిడ్డింగ్‌ల స్పేడ్స్, హార్ట్స్ అని ఇంగ్లీష్ పేర్లే అంటం, ముక్కలు చేతిల పడినంక మన నోటికి ఇస్పేట్, ఆఠీన్, డైమన్, కళావర్ అనే వస్తది, ఇక్కడ కూడ అట్లనే రాస్తున్న.

మన దగ్గర పేకలంటే ముందు యాదికొచ్చేది రమ్మీ. రమ్మీల ఎవరి ఆట వాళ్లదే, కింద పడ్డ ముక్క కావాల్నా వద్దా అని నాటకం చేసి ఎదుటోన్ని తికమక పెడితే అది తెలివి కిందనే లెక్క. పెండ్లిళ్లల్ల రాత్రంత జతలు కట్టి ఆడే ఆటలల్ల అయితే కనుబొమ్మ ఎగరేసుడు, చెవి గోక్కునుడు అన్నీ నడుస్తయ్, అందరు నవ్వుకుంటరు. ఆ అలవాటుతోనే బ్రిడ్జ్ టేబుల్ కాడికి వస్తే మాత్రం కష్టం. బ్రిడ్జ్‌ల కూడ ఎదుటోన్ని మోసం చెయ్యొచ్చు, అది రూల్స్‌లనే ఉన్నది, గని ఏ ముక్క ఏస్తున్నమో దాంతోనే చెయ్యాలె. రాణి జాకీ రెండు ఉన్నప్పుడు డిక్లేరర్‌ను తప్పుదారి పట్టించెటందుకు వేరేది ఏసినవా, శభాష్. అదే ముక్కను ఏడుస్తున్నట్టు మెల్లగ ఏసినవా, లేకుంటే టప్పుమని కొట్టినవా, అది తప్పు. 2017 డూప్లికేట్ (టోర్నమెంట్ల ఆడే రకం) బ్రిడ్జ్ రూల్స్‌ల 73వ రూల్ ఇదే చెప్తది, తొందరతోని గని ఆగుడుతోని గని ఎదుటోన్ని తప్పుదారి పట్టించొద్దు అని, దానికి ఉదాహరణ కూడ అక్కడనే ఉన్నది: ఒక్కటే ముక్క ఉన్నప్పుడు, అంటే సింగిల్‌టన్ ఏసే ముందు ఆగుడు.

దీన్నిబట్టి ఆలోచించుడే తప్పు అని కొందరు భయపడతరు, పాపం ముక్క చేతిల పట్టుకొని చెమటలు పెడతరు. అట్ల లేదు. నిజంగ ఆలోచించాల్సింది ఉంటే ఎంతసేపైనా ఆగొచ్చు, అది నీ హక్కు. టోర్నమెంట్ల రెండు బోర్డ్‌లకు పదిహేను నిమిషాల దగ్గర ఇస్తరు కాబట్టి ఆ లెక్కల ఉంటే చాలు. తెల్వకుండ టెంపో, అంటే ముక్క ఏసే వేగం, మారినా అది నేరం కాదని ఆ రూల్‌లనే ఉన్నది. కాకపోతే, నీ టెంపో మారుడుతోని నీ సైడ్‌కు లాభం వచ్చే కాడ ప్రత్యేకంగ జాగ్రత్తగ ఉండమంటది. నేను రాణి పట్టుకొని ఆగింది సరిగ్గ అట్లాంటి కాడనే.

కాబట్టి ఆగబోయే ముందు నిన్ను నువ్వు అడగాల్సింది ఒక్కటే, ఈ ట్రిక్‌ల నేను ఏసే ముక్క గురించి నిజంగ రెండు దార్లు ఉన్నయా? ఉంటే ఆలోచించు. లేకుంటే ఏసెయ్. రేపటి ట్రిక్ గురించి, కళావర్ గురించి, పార్ట్‌నర్ ఇందాక ఏసిన ముక్కతోని ఏం సిగ్నల్ ఇచ్చిండన్న దాని గురించి ఇప్పుడు ఆలోచించకు. అట్లనే, రెండు చిన్న ముక్కలు ఉన్నప్పుడు పెద్దది ముందేసి కౌంట్, అంటే ఆ రంగుల ఎన్ని ముక్కలున్నయో పార్ట్‌నర్‌కు, చూపియ్యాల్నా వద్దా అని ఆగితే చాన మంది డైరెక్టర్లు దాన్ని సరైన కారణంగ ఒప్పుకోరు, ఎందుకంటే బయటికి అది నీ దగ్గర పెద్ద ముక్క ఉన్నట్టు కొడతది.

మరి కళావర్ గురించి ఎప్పుడు ఆలోచించాలె అంటరా, దానికి జాగలు ఉన్నయ్. అన్నిటికన్న పెద్దది మొదటి ట్రిక్. డమ్మీ కింద పడంగనే డిక్లేరర్ కొద్దిసేపు చూస్తడు, చూడాలె కూడ. ఆయన తొందరపడి వెంటనే ముక్క అడిగినా సరే, మూడో చెయ్యి ఆడేటోడు, అంటే లీడ్ చేసినోని (ట్రిక్‌ల మొదటి ముక్క ఏసినోని) పార్ట్‌నర్, ఆగి మొత్తం ఆట గురించి ఆలోచించుకోవచ్చు. నీ దగ్గర ఆ రంగుల ఒక్కటే ముక్క ఉన్నా సరే, ప్రతి బోర్డ్‌కు పది పదిహేను సెకన్లు ఆగుడు అలవాటు చేసుకుంటే, నువ్వు ఆగినవంటే దాని అర్థం ఏం లేదని అందరికి తెలుస్తది. ఒక బోర్డ్‌కు ఆగి ఇంకో బోర్డ్‌కు చటుక్కున ఏస్తేనే కిరికిరి.

ఆ పదిహేను సెకన్లల్ల ఏం చెయ్యాలె? నేను ముందు పాయింట్ల లెక్క చేస్త. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1, మొత్తం 40 గద. డిక్లేరర్ వన్ నో ట్రంప్‌తోని (నో ట్రంప్ అంటే తురుపు లేని ఆట) పాట ఓపెన్ చేసిండనుకో, అంటే 15 నుంచి 17. డమ్మీల 9 కనపడుతున్నయ్, నా చేతిల 8. అంటే పార్ట్‌నర్‌కు ఆరు నుంచి ఎనిమిది, అంతకంటే ఉండవు. ఇది అయినంక డమ్మీని ఒక్కో రంగు చూస్కుంట, ఈ రంగుల డిక్లేరర్ నన్ను ఏ ప్రశ్న అడుగుతడు అని. రాజు జాకీ ఉన్న కాడ తప్పకుండ ఒక ప్రశ్న వస్తది, నా దగ్గర ఆసు ఉంటే అప్పుడు చిన్నది ఏస్తనా, ఆసు ఏస్తనా? ఇప్పుడే ఒక నిర్ణయం తీసుకుంట. తీసుకున్న నిర్ణయం తప్పు కూడ కావొచ్చు, ఆట నడిచినా కొద్ది మారొచ్చు, అయినా ఆ ప్రశ్న వచ్చినప్పుడు చెయ్యి ఆగదు.

దీని విలువ ఎంతుంటదో ఒక చెయ్యితోని చూపిస్త, ఇది మస్తు సార్లు వస్తది. నో ట్రంప్ కాంట్రాక్ట్. డమ్మీల డైమన్ ఆసు, రాణి, జాకీ, పది, అయిదు, అవి తప్ప డమ్మీలకు పోయే దారి వేరే లేదు. నీ దగ్గర, డమ్మీ వెనుక (డమ్మీ తర్వాత ఏసే వంతు నీది), డైమన్ రాజు, ఏడు, రెండు. డిక్లేరర్ చేతిల రెండే డైమన్లు ఉన్నయ్ అనుకో. చిన్నది ఏసి డమ్మీల రాణితోని ఫినెస్ చేస్తడు. నువ్వు వెంటనే రాజుతోని గెలిస్తే ఆయనకింక ఒక డైమన్ ఉన్నది, దాంతోని డమ్మీలకు పోయి ఆసు, జాకీ, పది, అయిదు నాలుగు ట్రిక్‌లు గుంజుకుంటడు. అదే నువ్వు చప్పుడు లేకుంట రెండు ఏసినవా, ఆయన రాజు అవతలోని దగ్గరున్నదని నమ్ముతడు, ఇంకో రంగుల తన చేతిలకు వచ్చి రెండోసారి ఫినెస్ చేస్తడు, అప్పుడు నువ్వు రాజుతోని కొడతవు. ఇగ ఆయన చేతిల డైమన్ లేదు, డమ్మీలకు దారి లేదు, ఆసు పది అయిదు అట్లనే పడి ఉంటయ్. నాలుగు ట్రిక్‌ల కాడ ఒక్కటే వచ్చింది ఆయనకు.

ఇక్కడ నువ్వు ఎనిమిది సెకన్లు ఆగి రెండు ఏసినవనుకో. నువ్వు తప్పు చెయ్యలే, నీకు నిజంగనే సమస్య ఉన్నది కాబట్టి ఆగినవు, ఎవ్వరు ఏమనరు. గని డిక్లేరర్‌కు రాజు నీ దగ్గర ఉన్నదని తెలిసిపోయింది, రెండోసారి ఆసు కొట్టి ఇంకో ట్రిక్ పట్టుకొని ఆ రంగు వదిలేస్తడు. మన టెంపో చూసి అర్థం చేసుకునే హక్కు ఎదుటోళ్లకు ఉన్నది, తప్పు అర్థమైతే ఆ నష్టం వాళ్లదే, అయితే మనం మాత్రం ఊరికెనే ఆగి ఉండొద్దు. మొదటి ట్రిక్‌లనే ఈ డైమన్లు చూసి "రాణి వస్తే రెండు ఏస్త" అనుకొని ఉంటే నీ నిజాయితీ నీకుండె, నీ ట్రిక్‌లు నీకుండె. అందుకే నీతిగ ఆడితే నష్టం అని ఎవరన్నా అంటే నాకు అస్సలు నచ్చది, ముందు ఆలోచించుకునేటోనికి రెండు లాభాలు.

ఇసొంటిదే ఇంకోటి, రాణి ఎక్కడుందో డిక్లేరర్‌కు తెల్వని రంగు. ఆయన చేతిల ఆసు, జాకీ, తొమ్మిది, ఇంకో చిన్నది, డమ్మీల రాజు, పది, రెండు చిన్నవి. ఎటు దిక్కునుంచైనా ఫినెస్ చెయ్యొచ్చు. కొందరు డిక్లేరర్లు కావాలనే చేతిలకెళ్లి జాకీ ఏసి ఎడమ దిక్కోడు ఆగుతడా లేదా అని చూస్తరు. రాణి ఉన్నోడు కవర్ చెయ్యాల్నా, అంటే జాకీ మీద రాణి ఏయాల్నా, అని ఆగుతడు, దొరికిపోతడు. రాణి లేనోడు ఆగితే? అది శుద్ధ తప్పు. డిక్లేరర్ అది చూసి ఫినెస్ అటే చేస్తడు, ఇవతల రాణి గెలుస్తది. రూల్ ప్రకారం డైరెక్టర్ మూడు సంగతులు చూస్తడు: నువ్వు ఆగుడుతోని డిక్లేరర్‌కు తప్పు అర్థం వచ్చిందా, నీకు చూపించుకోదగ్గ ఆట కారణం ఏమన్న ఉన్నదా, ఆగితే నీకు లాభమని నీకు తెలిసి ఉండే అవకాశం ఉన్నదా. కారణం లేదు, మిగిలిన రెండు ఉన్నయ్ అంటే స్కోర్ మారుస్తడు. నువ్వు కావాలని చేసినవా లేదా అని రుజువు చెయ్యాల్సిన పని ఆయనకు లేదు, అందుకే డైరెక్టర్ స్కోర్ మారిస్తే "నన్ను దొంగ అన్నరు" అని టేబుల్ మీదకెళ్లి లేచి పోవాల్సిన పని నీకు కూడ లేదు. నేను రాణి పట్టుకొని ఆగిన రోజు డైరెక్టర్ ఉన్నా అదే స్కోర్ వచ్చేది.

అయ్యో, తెల్వకుండ ఆగిన, ఇప్పుడేం చెయ్యాలె? కండ్లద్దాలు జారినయో, ఫోన్ మోగిందో, ముక్క వెనుక ముక్క అతుక్కున్నదో, ఏదైనా కావొచ్చు. డిక్లేరర్ డమ్మీల ముక్క అడగకముందే "సారీ, ఇందుల నాకు ఆలోచించేదేం లేదు" అని చెప్పెయ్యాలె. నేనిప్పుడు అట్లనే చేస్తున్న. ఆ మాట పార్ట్‌నర్ కూడ ఇంటడు కాబట్టి ఆయన దాన్ని వాడుకోవద్దు. నిజంగ సమస్య ఉండి ఆగినప్పుడు మాత్రం అట్ల అనొద్దు, అది అబద్ధం అయితది. నీ ముక్క ఏసినంక తర్వాతి ట్రిక్ గురించి ఆలోచించాలనిపిస్తే ఇంకో మంచి దారి ఉన్నది, నీ ముక్కను బోర్లా తిప్పకుంట అట్లనే పైకి పెట్టి ఉంచు. ట్రిక్ అయినంక ఆలోచించుకొని తిప్పు, అప్పుడు ఆ ఆగుడు ఈ ముక్క గురించి కాదని అందరికి తెలుస్తది.

ఇంతవరకు ఎదుటోళ్ల సంగతి. ఇప్పుడు పార్ట్‌నర్ సంగతి, ఇది ఇంకా కష్టం, ఎందుకంటే ఇక్కడ ఎవ్వరు చూడరు, నీ మనసుకే తెలుస్తది. 3 నో ట్రంప్ నడుస్తున్నది, డమ్మీల డైమన్ రాజు, రాణి, నాలుగు. డిక్లేరర్ చిన్న డైమన్ ఏస్తే నీ పార్ట్‌నర్ ఆగిండు, ఊపిరి పీల్చిండు, చిన్నది ఏసిండు. డైమన్ ఆసు ఆయన దగ్గర ఉన్నదని టేబుల్ మీద నలుగురికి తెలిసిపోయింది. రెండు ట్రిక్‌లయినంక లీడ్ నీ చేతిలకు వచ్చింది. కళావర్ ఏస్తవా, డైమన్ ఏస్తవా? పార్ట్‌నర్ ఆగకపోయి ఉంటే నీకు రెండూ సమానం. ఇప్పుడు డైమన్ ఏసుడు నీకు నిషిద్ధం, 16వ రూల్ చెప్పేది ఇదే, పార్ట్‌నర్ ఆగుడు చూపించే దారి కాక సబబైన వేరే దారి ఉన్నప్పుడు ఆ చూపించిన దారి పట్టొద్దు. నీ చేతిల ముక్కలు, బిడ్డింగ్, ఏసిన సిగ్నల్స్ అన్నీ చూస్తే డైమన్ తప్ప వేరే ఎవ్వరు ఏయరు అన్నట్టుంటే ఏసుకో. డైరెక్టర్లు దీన్ని తేల్చెటందుకు నీ అంత ఆట వచ్చిన వేరేటోళ్లను నలుగురైదుగురిని పట్టుకొని, ఆగిన సంగతి చెప్పకుంట చెయ్యి చూపించి "నువ్వైతే ఏమేస్తవు" అని అడుగుతరు. టేబుల్ కాడ నీకు ఆ సౌలతు లేదు, కాబట్టి అనుమానమొస్తే పార్ట్‌నర్ ఆగుడు చూపించనిదే ఏసెయ్యి. ఒక ట్రిక్ పోతే పోనియ్యి. మా బాపు కాజీపేట రైల్వేల ఉండంగ క్వార్టర్ల కాడ ఆడెటోడు, ఆయన పార్ట్‌నర్ ఆగంగనే తల కిందికి ఏసి తన ముక్కలు చూసుకునెటోడు, నేను చిన్నగున్నప్పుడు నిద్రొస్తుందేమో అనుకునేదాన్ని. చూడకుంట ఉండెటందుకని ఇప్పుడు అర్థమైంది.

పెద్ద పోటీలల్ల పార్ట్‌నర్లు ఒకరికొకరు కనపడకుంట టేబుల్‌కు అడ్డంగ స్క్రీన్ పెడతరు, 1975ల బెర్ముడాల జరిగిన ప్రపంచ పోటీలల్ల ఒక జంట టేబుల్ కింద కాలుతోని సైగలు చేసిందన్న గొడవ కూడ అయింది. మన దేశపు జంట 2018ల జకార్తా ఏషియన్ గేమ్స్‌ల బ్రిడ్జ్ బంగారు పతకం తెచ్చినంక ఇక్కడ కూడ కొత్తోళ్లు అడుగుతున్నరు నేర్పమని. మనకు ఇంటికాడ స్క్రీన్‌లు ఉండవు, ఒకరి మీద ఒకరికి నమ్మకమే ఉంటది.

డిక్లేరర్‌గ ఉన్నప్పుడు ఎట్ల? ఎదుటోడు ఆగిండు, నువ్వు నష్టపోయినవ్, అనుమానమొచ్చింది. అక్కడికక్కడ "ఎందుకాగినవ్" అని నిలదియ్యకు. ఆగిన సంగతి అందరు ఒప్పుకుంటున్నరా అని మెల్లగ అడిగి పెట్టుకో, డైరెక్టర్‌ను తర్వాత పిలిచే హక్కు నాకున్నదని చెప్పు, రూల్ కూడ ఇట్ల చెప్పుకోనిస్తది. వాళ్లు ఒప్పుకోకపోతే వాళ్లే వెంటనే డైరెక్టర్‌ను పిలవాలె. అందరి ముందు ఒకరి మీద చెయ్యి చూపెట్టి మోసగాడు అనుడు మాత్రం ఎన్నడు వద్దు, ఒకసారి పడ్డ మాట ఊర్ల తిరుగుతనే ఉంటది. ఎదుటోడు ముక్క ఎక్కడికెళ్లి తీస్తున్నడో గుచ్చి గుచ్చి చూసుడు కూడ రూల్స్‌ల వద్దన్న పనే. నీ వంతు రాకముందే ముక్క బయటికి తీసి పట్టుకునుడు కూడ అంతే, మా దగ్గర అది చాన మందికి అలవాటు, పక్కోనికి అన్నీ తెలిసిపోతయ్.

ఆన్‌లైన్‌ల ఆడేటోళ్లకు ఇంకో బాధ. నెట్ ఆగిందో మనిషి ఆగిండో తెల్వది. కరెంట్ పోయి వచ్చిందంటే టేబుల్‌ల అందరికి కనపడేటట్టు రాసెయ్యి, పార్ట్‌నర్‌కు ఒక్కనికే వాట్సాప్ చెయ్యకు, ఎంత మంచి మనసుతోని చేసినా అది తప్పే అయితది.

ఇగ ప్రాక్టీస్. మేము వారానికొకసారి ఇరవై నిమిషాలు ఇదొక్కటే చేస్తున్నం. ఒకరం డిక్లేరర్, డమ్మీల రాజు జాకీ ఉండుడో, ఆసు రాణి ఉండుడో, ఇట్లాంటి రంగులు మాత్రమే పంచుకుంటం. డిఫెండర్ డమ్మీ చూసి పదిహేను సెకన్లు ఆలోచించి గట్టిగ చెప్పాలె, "ఇస్పేట్ వస్తే చిన్నది, డైమన్ రాణి వస్తే వదిలేస్త" అని. తర్వాత ఆడాలె, ప్రతి ముక్కకు ఒక ఊపిరి తీసి వదిలినంత సేపు, ఆసు ఉన్నా ఏం లేకున్నా అంతే. ఇంకొకరు ఫోన్‌ల వీడియో తీస్తరు. మొదటి వారం నా వీడియో చూసుకుంటే ఆసు ఉన్నప్పుడు నేను ముక్కను బొటనవేలుతోని జర పైకి లేపి మళ్ల దించుతున్న, ఇన్నేండ్లు ఆడిన గని ఆ సంగతి నాకు తెల్వది. లెక్కల సార్‌కు తెలుసంట, ఎప్పుడు చెప్పలే, అడిగితే "నువ్వు నేర్చుకునేదాక ఆగుదామనుకున్న" అన్నడు. ఇప్పుడు ముక్కలన్నీ ఒక్క చెయ్యిల పట్టుకొని, రెండో చెయ్యి టేబుల్ మీద పెట్టి, వంతు వచ్చినంకనే లేపుతున్న. నాలుగు వారాలు పట్టింది అలవాటయ్యెటందుకు.